ప్రాణాలు లెక్కపెట్టే బాబాయి

మా బాబాయి ఫోన్లో నొక్కనిదే ఎవర్నీ కార్డు ముక్క కింద పెట్టనివ్వడు. ఆయన టైలరింగ్ షాపులో శనివారం మధ్యాహ్నం ఆట మొదలైతే, ఆటకన్నా నొక్కుడే ఎక్కువ.

పేకాట అనుకునేరు, కాదు. పొట్లాల్లో అమ్మే బొమ్మల కార్డులు. ఎవరి కట్ట వాళ్ళే తయారుచేసుకుని తెచ్చుకోవాలి. మొదట్లో మనిషికి ఇరవై ప్రాణాలు. నా డ్రాగన్ మీ మీద పడితే మీకు ఐదు పోతాయి, మీ మంత్రగాడు కరుణిస్తే రెండు తిరిగొస్తాయి. ఆడేది ముగ్గురం: బాబాయి, ఎదురింటి డ్రాయింగ్ మాష్టారు, నేను. మాష్టారు రిటైరై చాలా ఏళ్ళయింది. మాకీ ఆట నేర్పింది ఆయనే.

ఇదివరకు ప్రాణాల లెక్క నోటితోనే సాగేది. ఏడాది కిందట ఉన్నట్టుండి బాబాయి ఫోన్లో ఒక యాప్ ఎక్కించి, బట్టలు కత్తిరించే బల్ల మధ్యలో నిలబెట్టాడు. తెర మీద మూడు రంగుల గళ్ళు, ఒక్కో గడిలో ఇంత లావు అంకె.

"ఆగండాగండి! నొక్కనివ్వండి!"

"నేనింకా కార్డే వెయ్యలేదు బాబాయ్."

"వేస్తావుగా. వేలు సిద్ధంగా పెట్టుకోవద్దూ?"

అంకె కనబడితే చాలదట, వినబడాలిట. అందుకని యాప్‌లో ఉన్న ఆడగొంతు కూడా పెట్టాడు. "మాష్టారికి మూడు ప్రాణాలు మిగిలాయి" అని అది వీధి చివరిదాకా చాటేది. ఓసారి ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వచ్చినాయన గుమ్మంలోనే ఆ మాట విని, లోపలికి తొంగైనా చూడకుండా ప్యాంటు చంకన పెట్టుకుని మాష్టారింటికి పరామర్శకు వెళ్ళాడు.

"ఏవండీ, ఆవిడ నోరు మూయిస్తారా, నన్ను రమ్మంటారా?" అని లోపల్నించి పిన్ని కేకేసేది. బాబాయి వెంటనే తన గడిలో రెండు ప్రాణాలు తీసేసుకునేవాడు.

"అది ఆటలో దెబ్బ కాదు కదా బాబాయ్?"

"దెబ్బ దెబ్బేనమ్మాయ్."

ఇంత నొక్కుడులో ఆయనకి ఆడే తీరికేదీ? ఏడాదంతా ఓడిపోతూనే ఉన్నాడు. ఎందుకీ గోల అంటే ఒకటే మాట: "నా బుర్ర తుప్పు పట్టిందమ్మాయ్. ఒక్క అంకె నిలవదు. ఇది లేకపోతే నేనాడలేను."

మొన్న శనివారం మాత్రం ఆయనకి కార్డులు కలిసొచ్చాయి. నేను అప్పటికే ఔట్. ఇంకొక్క దెబ్బ పడితే మాష్టారూ ఔట్. సరిగ్గా అప్పుడే ఛార్జింగ్ అయిపోయి ఫోను కన్నుమూసింది.

మాష్టారు చేతిలో కార్డుల్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. "నాకు... ఎన్ని ఉన్నాయి?" అన్నారు మెల్లగా. ఆయన మొహం చూసి నాకు భయమేసింది. రెండు అని చెప్పడానికి నోరు తెరిచాను. బల్ల కింద బాబాయి నా కాలు తొక్కాడు.

"నన్నడుగుతారేంటి మాష్టారూ! నాకే గుర్తులేక ఛస్తున్నాను. తప్పు నాదే, ఛార్జింగ్ పెట్టలేదు. మళ్ళీ ఇరవై నుంచి మొదలెడదాం."

మాష్టారు హమ్మయ్య అనుకుని కార్డులు కలిపారు. ఫోన్‌కి ఛార్జర్ తగిలించి మళ్ళీ ఆడాం. బాబాయి యథాప్రకారం ఓడాడు.

టీ పెట్టడానికి ఆయన లోపలికి వెళ్తే వెనకాలే వెళ్ళి నిలదీశాను. "ఫోను పోయినప్పటి లెక్క నిజంగా గుర్తులేదా?"

"నాకు పదమూడు, ఆయనకి రెండు. నువ్వు ఏడో రౌండులో పోయావు, అంతకుముందు నాలుగుండేవి" అన్నాడు కప్పులు కడుగుతూ.

పుస్తకం చూడకుండా పదేళ్ళ కిందటి చొక్కా కాలరు కొలత చెప్పే మనిషి! ఏడాదిగా నాకెందుకు తట్టలేదో.

"నిరుడు ఒక శనివారం నువ్వు రాలేదు. మాష్టారు ఆట మధ్యలో నాకెంత అని మూడుసార్లు అడిగారు. నాలుగోసారి అడగలేక కార్డులు సర్దేసుకుని, 'ఇంక నేను రానులేవయ్యా' అన్నారు. మనకి నేర్పిన మనిషి. ఆయన లేకపోతే అదేం ఆటమ్మాయ్? అందుకని మరుసటి వారం నుంచి మతిమరుపు నేనే తగిలించుకున్నాను. ఆయన దగ్గర అనకు."

బాబాయి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. చెబితే సిగ్గుపడి చస్తాడని కప్పులు తుడిచి టీ పోశాను.

టీ తాగాక మాష్టారిని గుమ్మందాకా సాగనంపాను. ఆయన లోపల బల్ల సర్దుకుంటున్న బాబాయి వైపు ఓసారి జాలిగా చూసి, నా చెవి దగ్గర గొంతు తగ్గించారు.

"మీ బాబాయికి మతిమరుపు మరీ ముదిరిపోతోందమ్మా. పైకి నవ్వుతాడు గానీ లోపల ఎంత బెంగ పడుతున్నాడో. ఇప్పుడు నేను మానేస్తే తట్టుకోలేడు. నువ్వేం దిగులుపడకు, ఏ శనివారమూ మానను."