గార్డు పెట్టె వెంట

మా పాప చదువుతున్న కొత్త సిరీస్‌లో నేను చిన్నప్పుడు చదివిన డిటెక్టివ్ హీరోకి ఇంకా ఆరేళ్లే. మొదటి కేసులోనే దొంగ వెంట పోయి, భయపడి ఏడ్చాడు. నేను చదివిన పాత పుస్తకాల్లో అతనికి కన్నీళ్లే లేవు.

వాటిని నమ్మే, చిన్నప్పుడు ఓసారి కాజీపేట స్టేషన్లో, రైలు గార్డైన మా నాన్న పేరు రాసిన, జెండాలూ దీపాలూ ఉండే గార్డు పెట్టెను ఎవరో నెత్తిన పెట్టుకుని పోతుంటే, స్తంభాల చాటున వెంబడించాను. పెట్టె పోతే నాన్న నౌకరీ పోతుందని నా భయం. అతను గిరుక్కున తిరిగాడు. భోరుమన్నాను.

"ఏమైంది బిడ్డా? మీ నాయిన డబ్బా రోజూ బండ్లె పెట్టేది నేనే గదా!"

ఏడ్చినవాడు డిటెక్టివ్ కాలేడని ఆ రోజే రిటైరయ్యాను. ఈ ముందు కథ నాకు మరీ వెనకాల, ఇన్నేళ్లకు అందింది.

"వీడు పిరికోడా డాడీ?" అంది పాప, పుస్తకంలో ఏడుస్తున్న ఆరేళ్ల డిటెక్టివ్ బొమ్మ చూపిస్తూ.

"ఏడ్చినా, అందాక వెంట పోయిండు గదా బిడ్డా" అన్నాను, కాస్త గట్టిగానే.