నేను చెప్పిన అంకె

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. తెనాలిలో ఒక సినిమా హాలుకు మేనేజరుగా పనిచేశాను. దయ్యాల సినిమా ఆడితే సగం హాలు ఖాళీగా ఉండగానే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టించేవాణ్ని. ఆట చూసి ఒకామె స్పృహ తప్పిందని ఊరంతా చెప్పించింది కూడా నేనే. ఆమె నిజానికి ఉక్కకు తూలి, సోడా తాగి, మిగతా సినిమా కూడా చూసే ఇంటికి వెళ్లింది. భయపెట్టడం నా పని. భయపడటం నాకు తెలియదు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా మాటలో ఎప్పుడూ కాస్త కల్తీ ఉంటుంది. ఈ సంగతినే ఇప్పటికి చాలామందికి చాలా కలిపి చెప్పాను. ఫోను దానంతటదే ఎర్రగా వెలిగిందన్నాను. ఎదురుగా ఆగిన బస్సుకు డ్రైవరే లేడన్నాను. ఫోను వెలగలేదు. డ్రైవరు ఉన్నాడు, పక్కన టీ తాగుతున్నాడు. అవన్నీ తీసేసి జరిగింది మాత్రమే రాస్తున్నాను. తీసేశాక మిగిలిందే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

మా అక్క రత్తమ్మ రేపల్లె అవతల, కృష్ణ కరకట్టకు లోపలివైపు, లంకలో ఉంటుంది. కాస్త అరటితోట, రెండు గేదెలు, తోడుగా కోడలు ఝాన్సీ. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఏటికి వరదొస్తే ఇల్లు వదిలి కట్ట ఎక్కడం వాళ్లకు కొత్తేమీ కాదు. ఎప్పుడు ఎక్కాలన్నదే ప్రతిసారీ తగాదా.

ఏటి నీటిమట్టం చూపించే ప్రభుత్వ వెబ్ పేజీ ఒకటి ఉంది. పేజీ మధ్యలో ఒక పెట్టె, అందులో వాళ్ల రేవు దగ్గరి అంకె. ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఝాన్సీ ఫోన్లో ఆ పేజీ తెరిచి అక్కకు చూపించాను.

"ఇది నిమిషం నిమిషానికీ మారుద్దక్కా. ఏట్లో చేప తోకాడిస్తే ఇక్కడ అంకె కదులుద్ది" అన్నాను.

అక్క ముక్కున వేలేసుకుంది. తమ్ముడి తెలివికి మురిసిపోయింది.

అది నిజం కాదని నాకు అప్పటికే తెలుసు. రేవులో కొలబద్ద చూసే మనిషి అంకె పంపాలి. ఆఫీసులో ఎవరో దాన్ని కంప్యూటర్లో ఎక్కించాలి. వాళ్ల రిపోర్టు మారాలి. ఆ రిపోర్టునే తెచ్చి ఈ పేజీలో అతికించారు కాబట్టి, ఆ తర్వాతే పెట్టెలో అంకె మారుతుంది. మా వీధిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే అతను ఇదంతా విడమరిచి చెప్పాడు. పొద్దుటి నీళ్లు సాయంత్రానికి కనిపించడం మామూలేనట. కానీ అది చెబితే నా గొప్పేముంది?

కిందటేడు వరదలప్పుడు ఒక మధ్యాహ్నం తెనాలి బస్టాండులో బాపట్ల బస్సు కోసం కూర్చున్నాను. రేపల్లె బస్సు దిగిన ఒకాయన నా పక్కన నిలబడి, తడిసిన పంచె అంచు పిండుకుంటున్నాడు.

"లంక రోడ్డు మీదికి నీళ్లెక్కుతున్నాయి బాబాయ్. ఇంకాసేపైతే ట్రాక్టరు కూడా పోదు" అన్నాడు.

ఆ రోడ్డు మునిగితే అక్క బయటికి రాలేదు. ఇల్లు మెరక మీద ఉంది, చుట్టూ తోట. నీళ్లు గుమ్మం దగ్గరికి వచ్చేదాకా వాళ్లకు తెలియదు. వెంటనే ఫోన్ చేశాను.

"కదల్నురా. చుక్కగేదె ఇవాళో రేపో ఈనుద్ది. దాన్ని ఎక్కడికి తోలను? పొద్దున మైకులో చెప్పి పోయారు, విన్నాంలే. మేం పెట్టె చూస్తూనే ఉన్నాం. నిన్నటి అంకే ఉంది" అంది అక్క.

"అక్కా, ఆ పెట్టె…"

"చేప తోకాడిస్తే కదులుద్దన్నావుగా. ఏట్లో చేపలన్నీ పడుకున్నట్టున్నాయిలే!"

నా ఫోన్లో పేజీ తెరిచాను. పెట్టెలో నిన్న సాయంత్రపు అంకె. నేను కోసిన కోతను పట్టుకుని మా అక్క వరదలో కూర్చుని ఉంది. సిగ్గు విడిచి నిజం చెప్పాను. అది ఆలస్యంగా మారుతుందనీ, ఆ రోజు గొప్పకు అలా అన్నాననీ చెప్పాను.

అక్క పకపకా నవ్వింది. "అప్పుడు నిజమే చెప్పావులే. నన్ను కదిలించడానికి కోతలు ఇప్పుడు కోస్తున్నావు" అంది.

నిజం పనిచేయలేదు. ఇక నాకు చేతనైంది ఒక్కటే.

"ఆగాగు! ఇప్పుడే మారిందక్కా" అన్నాను.

"ఎంతైంది?"

అప్పుడే బాపట్ల బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. నంబరు ప్లేటు మీద చివరి మూడంకెలు తీసుకుని, మధ్యలో ఒక పాయింటు పెట్టి చదివేశాను. నిన్నటిదానికన్నా బాగా ఎక్కువే అయింది. ఇంకేమీ ఆలోచించలేదు.

"అమ్మో!" అంది అక్క. అంతలోనే తేరుకుని, "ఉండు, ఝాన్సీని చూడమంటా. నీ మాట ఎప్పుడు నిజమైంది గనకా" అంది.

దొరికిపోయాననుకున్నాను. ఫోన్లో కోళ్ల అరుపులు, దూరంగా అక్క కేక, తర్వాత ఝాన్సీ గొంతు వినిపించాయి.

"అవునత్తయ్యా. బాబాయ్ గారు చెప్పిందే ఉంది. ఇప్పుడే మారింది."

ఝాన్సీ తెలివైన పిల్ల. అత్తను కదిలించడానికి నా అబద్ధానికి తనూ ఒక చెయ్యి వేసిందనుకుని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అక్క ఫోన్ పెట్టేసింది. నేను ఊరికే నా ఫోన్ వైపు చూశాను.

పెట్టెలో అంకె మారి ఉంది. అవే మూడంకెలు. పాయింటు కూడా నేను పెట్టిన చోటే ఉంది.

తలెత్తి బస్సు చూశాను. మట్టి చిమ్మిన ప్లేటు మీద అవే అంకెలు. మళ్లీ ఫోన్ చూశాను. నా కళ్ల మీద నాకే నమ్మకం లేక, తడి పంచె ఆయన చేతికి ఫోన్ ఇచ్చి పైకి చదవమన్నాను. ఆయన నేను అక్కకు చెప్పిన అంకే చదివాడు. "అంత పెరిగిందా!" అని నోరు తెరిచాడు. ఇందులో కల్తీ లేదు. నేను ఎక్కాల్సిన బస్సు నా ముందే వెళ్లిపోయింది.

అక్క వాళ్లు గేదెల్ని ట్రాక్టరు తొట్టిలో కట్టి బయటపడ్డారు. రోడ్డు మీద నీళ్లు చక్రాల సగానికి ఉన్నాయట. సాయంత్రానికి కట్ట మీద, టార్పాలిన్ కింద చుక్కగేదె ఈనింది. అప్పటికే ఇంటి గుమ్మం దాటి నీళ్లు లోపలికి వెళ్లాయి.

నీళ్లు తీశాక ఝాన్సీని విడిగా అడిగాను, అబద్ధం చెప్పావా అమ్మాయ్ అని.

"అయ్యో, లేదండి. మీరు చెప్పారన్నారని చూశాను. నా కళ్లముందే మారింది" అంది. అబద్ధమని అనుమానించినందుకు కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

ఆ తర్వాత బాపట్ల వెళ్లాను. ఆ రిపోర్టు తయారుచేసే ఆఫీసు అక్కడే. కంప్యూటరు ముందున్న కుర్రాయన మర్యాదస్తుడు, ఓపిగ్గా విన్నాడు.

"ఆ రోజు అసలు అప్‌డేట్ చెయ్యలేదండి. కొలబద్ద దగ్గరికి దిగే మెట్లు మునిగిపోయాయి. చూసినవాళ్లూ లేరు, పంపినవాళ్లూ లేరు" అన్నాడు. తెర నా వైపు తిప్పాడు. ఆ రోజు గడి ఖాళీగా ఉంది.

ఎవరైనా పొరపాటున ఎక్కించి తీసేశారేమో అన్నాను. తీసేసినా గుర్తు మిగులుతుందండి, ఇక్కడేమీ లేదు అన్నాడు. అంతకు ముందు ఏ రోజైనా ఆ అంకె వచ్చిందేమో చూడమన్నాను. వెనక్కి వెళ్లి వెళ్లి చూశాడు. ఏ రోజూ లేదు. "మీరు వేరే పేజీ ఏదో చూసుంటారు పెద్దాయనా" అన్నాడు. పోనీ అలాగే అనుకుందాం. ఏ పేజీ అయినా సరే, నా నోట్లోంచి వచ్చిన బస్సు నంబరు దానికి ఎలా తెలిసింది?

బస్సు నంబరు సంగతి అక్కకు కూడా చెప్పేశాను. ఈ వానల్లో ఆమె మళ్లీ ఫోన్ చేసింది.

"ఒరేయ్, మళ్లీ నీళ్లు పెరుగుతాయంటున్నార్రా. ఆ పెట్టె సంగతి పక్కనపెట్టు. ఒక చిన్నంకె చెప్పు, నీ నోటితో."

వేళాకోళం ఆడుతోందనుకున్నాను. అక్క నవ్వడం లేదు. దూడను కట్టేసే గుంజ, కాయకొచ్చిన తోట, ఈ ఏడే వేయించుకున్న గచ్చు, అన్నీ ఆమె గొంతులో ఉన్నాయి. జీవితమంతా అడగనివాళ్లకు కూడా అంకెలు పెంచి చెప్పినవాణ్ని, అక్క తగ్గించి చెప్పమంటే నాకు నోరు రాలేదు. చిన్నంకె చెప్పి, అది పెట్టెలోకి మాత్రమే వెళ్లి, ఏట్లోకి వెళ్లకపోతే?

"కట్ట మీదికి వెళ్లిపో అక్కా" అని మాత్రం అన్నాను.

"ఎంతుందో చెప్పవా?"

"చెప్పను."

గేదెల్ని విప్పమని అక్క ఝాన్సీని కేకేయడం వినిపించింది.

ఆ రోజు సాయంత్రం దాకా ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నాను. అంకె మారలేదు. ఇప్పుడెందుకు మారలేదో, అప్పుడెందుకు మారిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ మూడంకెలు ఇప్పటికీ నోటికి వస్తాయి. ఇక్కడ మాత్రం రాయలేదు. గమనించే ఉంటారు.