పాత వెర్షన్ అక్క

పోయిన సోమవారం పొద్దున ఏర్పేడు దాటి బస్సులో వస్తుంటే ఫోన్ వచ్చింది. ఆఫీసులో నాకు పని నేర్పిన అక్క చిత్తూరులో చనిపోయింది. గుండెపోటట. పక్క సీటామె "ఎవురు మా?" అని అడిగితే, "మా అక్క" అన్నాను. తిరుపతిలో దిగి చిత్తూరు బస్సెక్కాను.

తిరుపతిలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. మామిడి మండీల్లో లారీలు తూచే కాటాలకు ప్రోగ్రాములు రాస్తాం. కొత్త వెర్షన్ వచ్చాక అందరూ అటు వెళ్లిపోయారు. పాత కంప్యూటర్ల కోసం ఉంచిన పాత వెర్షన్‌కు అక్కా, నేనూ మిగిలాం. కొత్తదాంట్లో ఎవరైనా ఒక తప్పు దిద్దితే, ఆ దిద్దుబాటును పాతదానికి సరిపడేలా మార్చి తేవడం మా పని. తెచ్చినప్పుడల్లా కమిట్ మెసేజ్, అంటే ఏం మార్చామో చెప్పే చిన్న నోట్, కోడ్‌తో పాటు రాసిపెట్టాలి. మొదట్లో నేను "సరిచేశాను" అని ఒక్క ముక్క రాస్తే, అక్క కుర్చీ నా వైపు తిప్పింది.

"యాడనుంచి తెచ్చినావు మే? మొదట రాసిందెవురు? ఈడ సరిపోక నువ్వేం మార్చినావు? ఇయన్నీ రాయల్ల. రేపు సూసేవాళ్లు మన్ని అడగలేరు గదా."

అరిచేది కాదు. రాసేదాకా కుర్చీ మాత్రం అటు తిప్పేది కాదు.

ఒక మామిడి సీజన్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మండీల్లోని పాత కంప్యూటర్లలో ముందే తూచి దాచిన ఖాళీ లారీల బరువు చెరిగిపోయేది. కాయల బరువు తేలక రైతులు ఎండలో నిలబడ్డారు. కొత్త వెర్షన్‌లో ఆ తప్పు దిద్దినతను అప్పటికే గొడవపడి కంపెనీ వదిలేశాడు. అక్క అతని దిద్దుబాటు తెచ్చి, మెసేజ్‌లో అతని పేరు పైన, తన పేరు కింద రాసింది. పై పేరు తీసేయమన్నాడు మేనేజర్.

"ఆయప్ప పోయినాడని ఆయప్ప చేసింది గూడా పోతాదా సార్? నేను ఈడికి తెచ్చినా, అంతే."

పేరు ఉండిపోయింది. మీటింగులకు అక్కను పిలవడం తగ్గిపోయింది. మధ్యాహ్నం మేడ మీద అందరూ కలిసి తింటూ నవ్వుకుంటుంటే, అక్క కింద కిటికీ పక్కన క్యారియర్ విప్పి, కోడ్ చదువుకుంటూ తినేది. "మనకీ మూలే బాగుండాది మే" అనేది. బాగుండలేదని నాకు తెలుసు.

ఇప్పుడు ఆ మూల నేనొక్కదాన్నే. మెసేజ్ రాసి, చదివేవాళ్లు లేక నేనే చదువుకుంటున్నాను.

ఆ రోజు చిత్తూరులో అంతా అయ్యాక, అక్క భర్త గేటు దాకా వచ్చాడు.

"ఆఫీసులో ఏం చేస్తా ఉండె మా మీ అక్క? అడిగితే నవ్వి ఊరుకుంటా ఉండె."

"కొత్తదాంట్లో బాగుజేసింది పాతదానికి గూడా తెచ్చి పెడతా ఉండె అన్నా. ఎవురు బాగుజేసినారో రాస్తా ఉండె."

"ఆమె పేరుండాదా ఆడ?"

"ఉండాది అన్నా."

ఆయన తల ఊపాడు. దండెం మీద అక్క చీర ఇంకా ఆరుతోంది. తీయబోయి ఆగాడు. నేలకు రాసుకుంటున్న కొసను పైకి సర్ది, చీరను అలాగే వదిలేసి లోపలికి వెళ్లాడు.