రెండు మూరల బొంత

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను కోతలు కోస్తాను. కొత్తవలస గేటు దగ్గర కిరండోలు గూడ్సు దాటడానికి పది నిమిషాలు పడితే, ఇంటికొచ్చి పూట పట్టిందని చెబుతాను. ఇందులోనూ ఒకచోట కల్పించాను. ఎక్కడో చివర్లో చెబుతాను. మిగతాదంతా, మా అక్క మీద ఒట్టు, నిజం.

మా బావ, అంటే అక్క మొగుడు, పూసపాటిరేగ వైపు సముద్రంలో వేట చేసే మనిషి. నాకు పూర్తిగా ఎదురు బాపతు. జానెడంటే జానెడే. ఒడ్డుకు దగ్గర్లో ఓ రాతి కింద రెండు మూరల బొంత చేప కాపురముంటోందని ఓసారి నాతో అన్నాడు. రాతి సందులో ఉన్నదాన్ని వలేసి పట్టలేరు, వలే చిరుగుతుంది. ఆ రెండు మూరలనూ నేను సంతలో, బస్సులో, పెళ్లి భోజనాల్లో మా బావ మాటగా చెప్పుకుంటూ పోయాను. నాలుగు నెలలకు బొంత తెప్పంత అయింది. మీసాలు కూడా మొలిచాయి.

పాపం నాది, ఫలితం బావది. వలలు బాగుచేసే పాకలో ఆయన కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు అందుకునేవారు:

"ఏటి బావా, నీ బొంత కూతురికి సమ్మందం కుదిరిందేటి?"

అక్క ఫోను చేసింది. "ఒరే తమ్ముడా, మీ బావ పాక కాడికి ఎల్లడం మానేసినాడు. ఇన్నేళ్లల్లో ఆ మడిసి మాటకి ఎదురు నేదు. నీ నోరే కదరా ఇంత సేసింది!"

సిగ్గేసింది. వెంటనే హుషారూ పుట్టింది. ఫొటో! నా మాట ఎవరూ నమ్మరు గానీ ఫొటోను నమ్ముతారు కదా. ఉన్న చిన్న కెమెరాకు నీళ్లు దూరని కేసు, దాని ముందు బిగించడానికి బోర్లించిన గిన్నెలాంటి వైడ్ యాంగిల్ లెన్సు కొన్నాను. ఎండాకాలం మొదట్లో, నీళ్లు తేరుకున్న ఓ పొద్దున, బావా నేనూ తెప్ప మీద బయల్దేరాం.

మూడు నిలువుల లోతు. ముప్పై అనేవాణ్ణే, మీకోసం తగ్గించాను. కళ్లకు అద్దాలు బిగించుకుని దూకాను. అబ్బబ్బ! ఆకుపచ్చ వెలుతురు, చుట్టూ పాలపిట్ట రంగు చేపల జాతర, రాతి కింద గుమ్మంలో కూర్చున్న పెద్దమనిషిలా బొంత! నా గుండె తప్పెటగుళ్లు ఆడేసింది. దూరం నుంచే టకటకా ఇరవై ఫొటోలు తీసి, ఊపిరందక పైకి తన్నుకొచ్చాను.

చూస్తే ఫొటోలో రాయంతా ఉంది, సముద్రమంతా ఉంది. ఓ మూల వేలెడు నెత్తళ్ల సైజులో చేప.

"ఏటిరా ఇది? నువ్వు పెంచుతావు, నీ కెమెరా తగ్గిస్తాదేటి?" అన్నాడు బావ.

ఆ లెన్సు తీరే అంతట. ఎదురుగా ఉన్నదంతా ఇముడ్చుకుంటుంది గానీ అన్నిటినీ చిన్నవి చేస్తుంది. మూరెడు దూరానికి వెళ్తేనే చేప చేపలా కనిపిస్తుంది. నా చేతికొచ్చాక ఓ సంగతి చిన్నదవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి!

రెండోసారి బావ కూడా దూకాడు. అలవాటు కొద్దీ చేపకు మూర వెయ్యబోయి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కాస్తా లెన్సుకు అడ్డమొచ్చింది. ఫొటోలో అరచెయ్యి చేటంత, దాని వెనక బొంత మళ్లీ నెత్తళ్లు.

"ఇది సూపిస్తే సేప మాట దేవుడెరుగు, నన్ను రాకాసోడంటారురా!"

మేం నవ్విన నవ్వుకు తెప్ప ఊగిపోయింది.

మూడోసారి నేను మూరెడు దగ్గరకు వెళ్లాను. బావ తలా బొంతా పక్కపక్కనే. ఇద్దరూ బుగ్గలు పూరించుకుని ఉన్నారు. నొక్కాను.

సాయంత్రం పాకలో కెమెరా చేతులు మారింది. అందరికీ పెద్దయిన ఓ ముసలి మావ కళ్లు చిట్లించి, బావ తలను గోటితో కొలిచి, అదే కొలత చేప పొడవునా వేసుకుంటూ పోయాడు. బావ గడప దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నాలుగు తలకాయలు... రెండు మూరలు. సరీగ్గా రెండు మూరలేరా!"

పాక గొల్లున నవ్వింది. ఎవరో చాప మీద జరిగి చోటిచ్చారు. "కూకో బావా, ఇన్నాళ్లూ ఏటైపోనావు?"

ఇక నేను కల్పించింది. మూడోసారి నేను దూకనే లేదు. పిక్క పట్టేసి, తెప్ప అంచు పట్టుకుని, ఉన్న దేవుళ్లందరినీ పిలుస్తున్నాను. బావే నా చేతిలో కెమెరా లాక్కుని మునిగి, చెయ్యి చాపి, తనూ బొంతా పడేలా తనే నొక్కుకున్నాడు. నేను తీశానని పాకలోనూ గొప్పగా చెప్పాను. చాప మీద కూర్చున్న బావ నాకేసి చూసి గట్టిగా దగ్గాడు. అంతే.