దిబ్బ మీద చెప్పిన రహస్యం

మొన్న మధ్యాహ్నం బ్యాంకులో గొంతు జీరపోతే సొరుగులోంచి చిన్న డబ్బీ తీసి రెండు మిరియాలు, ఒక కలకండ పలుకు నోట్లో వేసుకున్నాను. మిరియం పటుక్కున కొరికితే నాలుక చుర్రుమంటుంది చూడండి, ఆ మంట తగిలినప్పుడల్లా నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. డబ్బీ ఆమెదే. ఒకప్పుడు ఈ బ్రాంచికి మేనేజరూ ఆమే.

బీకాం రెండో ఏడు అయ్యాక వేసవిలో బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేయాలన్నారు కాలేజీలో. మాది ఆవని అనే పల్లె. రాగి చేను, కొన్ని మామిడి చెట్లు, రెండు ఆవులు. నేను మాట్లాడితే ఆవులకు కూడా వినపడదని అమ్మ ఎగతాళి చేసేది. సెమినార్‌లో నా నోరు పెగలక, "గొంతు లేనిదానివి, నీకు ఉద్యోగం ఎవరిస్తారమ్మా?" అని లెక్చరర్ అందరి ముందూ నవ్వారు. అలాంటిదాన్ని కేజీఎఫ్ బ్రాంచిలో అడుగుపెట్టి హడలిపోయాను. అందరూ అరుస్తున్నారు! కొట్లాటేమో అనుకున్నాను. తీరా చూస్తే ఒక తాత పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటున్నాడు, అంతే. అక్కడి బంగారు గనుల్లో డ్రిల్లింగ్ మోతకు ఆ తరం వాళ్ల చెవులు పోయాయి. వాళ్లకు వినపడాలంటే మనం అరవాలి. తమ గొంతు తమకు వినపడదు కాబట్టి వాళ్లూ అరుస్తారు. ఎవరి ఖాతాలో ఎంతుందో క్యూ చివర నిలబడ్డవాడికి కూడా తెలిసిపోయేది.

సుగుణ మేడం గని కార్మికుడి కూతురు. చెవులు పోయిన నాన్నతో అరిచి అరిచి పెరిగిన గొంతు. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి "పేరు చెప్పు" అన్నారు. చెప్పాను. "ఇంగొక తూరి." మళ్లీ చెప్పాను. "నీ పేరు నీకే రహస్యమామ్మా? పోనీలే, ఆవని పిల్లా అని పిలుస్తా" అన్నారు. కంప్యూటర్ ముందు కూర్చోబెడతారనుకుంటే, గుమ్మం దగ్గర స్టూలు వేయించి, వచ్చే తాతలకు చలాన్లు రాసిపెట్టమన్నారు. నేనడిగేది ఒక్కరికీ వినపడదు. వాళ్లు "ఆఁ?" అనడం, నేను ఏడుపుమొహం పెట్టడం. అద్దాల గదిలోంచి మేడం కేక: "గొంతులోంచి కాదు పిల్లా, కడుపులోంచి రావాల!" నాకు ఒళ్లు మండిపోయేది. సాయంత్రం మాత్రం పిలిచి, ఈ డబ్బీ తీసి, మిరియాలూ కలకండా చేతిలో పోసేవారు. ఆమెను ఎంత తిట్టుకున్నానో అంత ఇష్టపడ్డాను.

ఒక రోజు మునెప్ప తాతను ఆయన కొడుకు శీనప్ప వెంటబెట్టుకొచ్చాడు. తాత డిపాజిట్‌కు నామినీగా, అంటే తాత తర్వాత ఆ సొమ్ము అందుకునే మనిషిగా, తన పేరు రాయమన్నాడు. మేడం తాతను అడిగారు. తాత నేలచూపులు చూశాడు. "ఈ పొద్దు సర్వర్ లేదప్పా, ఇంగొక దినం రా" అని మేడం పచ్చి అబద్ధమాడి పంపించేశారు. మర్నాడు తాత ఒక్కడే వచ్చాడు. కౌంటర్ మీదికి వంగి, గుట్టు చెబుతున్నట్టు, "అమ్మా, నా కొడుకు పేరు వద్దు" అన్నాడు. ఆయన గుసగుస అనుకున్నది రోడ్డు దాకా వినపడింది. క్యూలో ఎవరున్నారో తెలియదు. మేడం ఒక్క అంగలో వచ్చి తాత నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. "గమ్మునుండప్పా! మారికుప్పం దాకా తెలిసిపోతాది."

రాసి చూపిద్దామంటే తాతకు చదువు రాదు. గదిలోకి తీసుకెళ్లి తలుపేసినా అరుపు ఆగదు. మేడం కాసేపు ఆలోచించి స్కూటర్ తాళం తీశారు. తాతను వెనక ఎక్కించుకుని, నన్ను ఆటోలో రమ్మని, నేరుగా సైనైడ్ దిబ్బల దగ్గరికి పోయారు. గనిలోంచి తీసిన మట్టిని పోసి పోసి గుట్టలైన చోటు అది. గాలి, దుమ్ము తప్ప నరమానవుడు లేడు. మేడం తాతను అడగబోయారు. గొంతు రాలేదు. వారంగా బొంగురుపోతున్నది ఆ పొద్దు పూర్తిగా పూడుకుపోయింది. నా వైపు వేలు చూపించి, "నువ్వడుగు" అన్నారు, ఊపిరితో.

ఎవరి బలవంతమూ లేకుండా తాత తన నోటితో చెబితేనే రాయాలి. ఇప్పుడు కాకపోతే కొడుకు మళ్లీ లాక్కొస్తాడు. అడిగాను. "ఆఁ?" అన్నాడు. మళ్లీ అడిగాను. "ఆఁ?" మేడం డబ్బీ నా చేతిలో పెట్టి పిడికిలి మూసి, నా పొట్ట మీద అరచేత్తో నొక్కారు.

"తాతా! ఎవురి పేరు రాయాల? నీ మనసులో ఎవురుండారో చెప్పు!"

ఓరి దేవుడా, అది నా గొంతేనా! తాత మొహం విప్పారింది. "నా కోడలి పేరు రాయమ్మా! నాగవేణి! బస్సులో నరసాపురం ఫ్యాక్టరీకి పోయి రాత్రంతా నిలబడి వస్తాది. వచ్చి నాకి ముద్ద చేసి పెట్టినాకే పండుకుంటాది. కన్న కూతురైనా ఇట్ల చూడదు. మొహాన చెప్పేకి నాకి సిగ్గు!" అన్నాడు. తర్వాత నన్ను తేరిపార చూసి, "ఈ గొంతు ఇన్ని దినాలు యాడ పెట్టుకోనుంటివే?" అన్నాడు. మేడం శబ్దం లేకుండా భుజాలు ఊగేలా నవ్వారు. స్కూటర్ సీటు మీద ఫారం పెట్టి తాత వేలిముద్ర వేశాడు. మేమిద్దరం సాక్షి సంతకాలు చేశాం.

చివరి రోజు డబ్బీ తిరిగిస్తే మేడం తీసుకోలేదు. "ఉంచుకో. అరిచేది ఎవురైనా అరుస్తారు పిల్లా. ఎవురి మాటకి ఎంత చోటు కావాల్నో, అది చూసి ఇయ్యాల" అన్నారు. ఇప్పుడు రిటైరై బంగారుపేటలో ఉంటున్నారు. గట్టిగా మాట్లాడొద్దని డాక్టర్ చెప్పాడట. ఫోన్లో నన్ను తిట్టేటప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తుండదు. నేను బ్యాంకు పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో గది అదిరేలా మాట్లాడి, తిరిగి తిరిగి ఈ బ్రాంచికే వచ్చాను.

మొన్న ఆ మిరియం కొరుకుతుండగానే ఫ్యాక్టరీ యూనిఫాంలో ఒకావిడ వచ్చి నా ముందు కూర్చుంది. నాగవేణి. తాత ఈమధ్యే పోయాడు. నామినీ తనేనని కబురందినా ఆమెకు నమ్మకం కుదరలేదు. "ఆయప్ప నాతో మంచిగా ఒక మాట ఆడింది లేదమ్మా. ఉప్పు తక్కువ, కారం ఎక్కువ, ఇంతే. తప్పుగా రాసినారేమో, చూడండి" అంది.

బ్రాంచి నిండా జనం, అరుపులు. నేను లేచి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. దిబ్బ మీద తాత అరిచి చెప్పిన మాటలు, కన్న కూతురన్న మాటతో సహా, ఆమె చెవిలో మెల్లగా చెప్పాను. ఆమె కదల్లేదు. ఆ గోలలో అందలేదేమో అనుకుని, "వినపడిందా?" అన్నాను.

"వినపడిందమ్మా" అంది కొంగుకు బదులు యూనిఫాం చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ. "ఇంగొక తూరి చెప్పు."