గంటల లెక్కన కూలి

నా జీతం కాగితాన్ని మా నాయన రెండుసార్లు చదివాడు.

మా ఊరు నగరిలో మాకు ఆరు మరమగ్గాలు ఉండేవి. రెండు అమ్మి, పైన అప్పు చేసి నన్ను పైలట్ చదువు చదివించాడు. కూతురు విమానం ఎక్కిన నెల నుంచే డబ్బు వచ్చి పడుతుందని వీధంతా చెప్పుకున్నాడు. లైసెన్సు వచ్చాక నేను రెండేళ్లు ఖాళీగా కూర్చున్న సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఉద్యోగంలో చేరి ఏడాదైంది. పోయిన నెల విడిభాగాలు రాక మా విమానాలు కొన్ని నేల మీదే ఉండిపోయాయి. నేను ఎగిరిన గంటలు సగమయ్యాయి, జీతమూ తగ్గింది. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, మగ్గాల షెడ్డు గుమ్మంలో కూర్చుని ఆ కాగితమే ఫోన్లో చూపించాను.

"ఇదేందిమ్మా, గంటల లెక్కన కూలా? మన మగ్గం ఆడితే మీటరుకింత అని ఇస్తాము. పైలట్లకు గూడా అంతేనా?"

"కొంత నెల జీతం ఉండాది నాయనా. మిగతాది ఎగిరితేనే."

"కెప్టెన్ అయితే బాగొస్తాదంటివి గదా? ఎప్పుడైతావు?"

నేనున్న కంపెనీలో ఇప్పట్లో కాను. ఇంకో కంపెనీ పిలిచింది, అక్కడ తొందరగా అవుతాను. కానీ శిక్షణ ఖర్చు కింద నేను బాండు రాసిచ్చాను. మూడేళ్లు నిండకుండా మానేస్తే ఆ మొత్తం కట్టి కదలాలి. అంతా చెప్పాను. నాయన మొహం ఎర్రబడింది.

"మనిషిని కట్టేసుకుంటారా? ఇదేం న్యాయమప్పా!" అని అరిచాడు.

ఆ అరుపుకు దగ్గరి మగ్గం ఆగింది. దాని మీద కూలికి నేసే అన్న మమ్మల్నే చూస్తున్నాడు. ఆ పొద్దున్నే ఆయన నాయన దగ్గరికి వచ్చి, సూళ్లూరుపేట పక్కన ఫ్యాక్టరీలో నెల జీతానికి పని దొరికింది, పోతానన్నాడు. "తీసుకున్న అడ్వాన్సు కట్టి పో" అన్నాడు నాయన. నేను పక్కనే ఇడ్లీ తింటున్నాను. మా వీధిలో పద్ధతే అది. ముందు డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటారు, అది తీరేదాకా వదలరు. పుట్టినప్పటి నుంచి చూస్తూ ఒక్క రోజైనా తప్పనుకోలేదు. రెండు నెలలుగా నా బాండును నోటికొచ్చినట్టు తిడుతున్నదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి మనం చేసేదేంది నాయనా?" అన్నాను.

"అది వేరేమ్మా," అంటూ నాయన చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు.

మగ్గం దగ్గరికి వెళ్లాను. ఆయనే అడిగాడు.

"నీది ఎన్నేండ్లు పాపా?"

"మూడన్నా. ఒకటి అయిపోయింది."

"నాది పదకొండోది నడస్తా ఉండాది," అన్నాడు. "దిగులు పడొద్దు. నీది అయిపోతాదిలే."

మళ్లీ మగ్గం వేశాడు.