సత్తయ్య బాబాయి గురించి నేను చెప్పిన మాట

ఈ మధ్య ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి వస్తుంటే, స్తంభాల పక్కన తోపుడుబండ్ల మీద గుట్టలుగా పోసిన సీతాఫలాల వాసన ఒక్కసారిగా ముఖానికి తగిలింది. బాగా మాగి, తొక్క నల్లబడి, వేలు తగిలితే చాలు విచ్చుకునే పండ్ల వాసన. ఆ వాసన వచ్చినప్పుడల్లా నేను మళ్ళీ పదేళ్ళ పిల్లనైపోతాను. సరూర్‌నగర్ చెరువుకు నాలుగు సందుల ఇవతల, రేకుల ఇళ్ళూ డాబాలూ కలిసిపోయిన మా సందు, బతుకమ్మ ముందటి మెత్తని ఎండ, పక్కింటి యాదమ్మ పిన్ని నల్గొండ దగ్గరి తన ఊరినుంచి తెచ్చి గడ్డిలో మాగబెట్టిన పండ్ల గంప, ఒకదాని వెనక ఒకటి కళ్ళముందుకు వస్తాయి. వాటితోపాటు, ఆ ఏడాది నేనొక ఆఫీసరమ్మకు చెప్పిన మాట కూడా గుర్తొస్తుంది.

మాది తెనాలి వైపు. నాన్న ఎల్బీనగర్ కోర్టు గేటు దగ్గర టైపు మిషను పెట్టుకుని పిటిషన్లు టైపు చేసేవాడు. వకీలు కాకపోయినా, ఏళ్ళ తరబడి కొట్టిన కాగితాల వల్ల ఆయనకు చాలా సంగతులు తెలుసు. అందుకే ఆదివారం పొద్దున మా అరుగు ఖాళీగా ఉండేది కాదు. అమ్మ పెసరట్లు పోస్తుంటే అల్లం, జీలకర్ర వాసన వీధిదాకా వచ్చేది. అరుగు మీద కూర్చున్నవాళ్ళు కంఠం తగ్గించకుండా, సిగ్గుపడకుండా, తమ కష్టాలు అడిగేవారు. వారెంటొచ్చిందంటే జైలుకు పోయినట్టేనా సారూ? బెయిలు దొరికితే కేసు కొట్టేసినట్టేనా? నాన్న ప్రతిసారీ "నేను వకీలును కానయ్యా" అని మొదలుపెట్టి, పెసరట్టు చల్లారిపోయేదాకా చెబుతూనే ఉండేవాడు. బెయిలంటే కేసు నడిచేదాకా బయట ఉండనివ్వడమేననీ, పిలిచిన ప్రతి వాయిదాకీ వెళ్ళి తీరాలనీ ఆయన చెప్పగా చెప్పగా నాకు కూడా కంఠతా వచ్చేసింది.

యాదమ్మ పిన్ని భర్త సత్తయ్య బాబాయి వడ్రంగి. ఆయన చొక్కాకు ఎప్పుడూ టేకు పొట్టు అంటుకుని ఉండేది. మా బొమ్మల కొలువుకు తొమ్మిది మెట్లు చేసిచ్చింది ఆయనే. వాళ్ళమ్మాయి స్వరూప, నేను ఒకే తరగతి. ఆయన షెడ్డులో రాలిన చెక్క సుడులను చెవులకు తగిలించుకుని లోలాకులని మురిసిపోయేవాళ్ళం. మనిషి మెత్తన, కోపం వస్తే మాత్రం ఒళ్ళు తెలిసేది కాదు. ఒకసారి కొలత తప్పిన పలకను చూసి చేతిలోని బాడిసను వాకిట్లోకి విసిరేశాడు. చెక్కను చెక్కే ఆ ఇనుప పనిముట్టు, అచ్చనగాయలాడుతున్న మా ఇద్దరికీ మూరెడు దూరంలో నేలలో దిగింది. తరువాత ఆయన షెడ్డు వెనక్కి వెళ్ళి, గోడకు ఆనుకుని ఏడవడం కూడా చూశాం. ఆ సంగతి ఇద్దరం ఇళ్ళల్లో చెప్పలేదు.

ఆ వేసవిలో నీళ్ళ ట్యాంకరు దగ్గర పై సందు మనిషి ఒకడు వరసలో దూరి, యాదమ్మ పిన్నిని నెట్టాడు. ఆమె కింద పడింది. సత్తయ్య బాబాయి చేతిలోని ఇత్తడి బిందెతోనే అతని తలమీద కొట్టాడు. ఆరు కుట్లు పడ్డాయి. కేసయింది, బెయిలు వచ్చింది, వాయిదాలు మొదలయ్యాయి. ఒక వాయిదా నాడు, ఊళ్ళో తల్లికి ఊపిరాడకపోతే ఆయన నల్గొండ దవాఖానకు పరుగెత్తాడు. వకీలుకు కబురు చేయలేదు. కోర్టు వారెంటు వేసింది. కానిస్టేబులు తనను వెతుక్కుంటూ కట్టెల అడితికి వచ్చాడని తెలిసి, బాబాయి ఇల్లు విడిచి మీర్‌పేట్‌లో చెల్లెలింట దాక్కున్నాడు. వారం దాటినా రాలేదు. షెడ్డు మూతబడింది. స్వరూప బడిలో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

యాదమ్మ పిన్ని మా గడపలో కూలబడింది. "అన్నా, ఆయన్ను పట్టుకపోతె మేం ఎట్ల బతకాలె?"

నాన్న ఆ రోజు టైపు మిషను తెరవలేదు. సిటీ బస్సులో మీర్‌పేట్ వెళ్ళి, మధ్యాహ్నానికి బాబాయిని వెంటబెట్టుకొచ్చాడు. మా ముందుగదిలో నేలమీద కూర్చున్న ఆయన గడ్డం మాసి, గుర్తు పట్టలేకుండా ఉన్నాడు.

"వారెంటంటే శిక్ష కాదు సత్తయ్యా. నిన్ను జడ్జిగారి ముందుకి తీసుకురమ్మని రాసిన కాగితం. నీ అంతట నువ్వే వెళ్ళి, ఎందుకు రాలేకపోయావో చెప్పుకుంటే రద్దు చెయ్యమని అడగొచ్చు. దాక్కునే కొద్దీ తప్పు పెరుగుద్ది."

"నన్ను గాడనే లోపలేస్తె?"

"వెయ్యరని నేను చెప్పలేను. వకీలుంటాడు, దవాఖాన చీటీ ఉంది. నేనూ వస్తాను."

మరునాడు నాన్నా బాబాయీ కోర్టుకు వెళ్ళారు. నేనూ స్వరూపా సందు మొదట్లో నిలబడి ప్రతి బస్సునూ చూశాం. ఎండ వాలేవేళకు ఇద్దరు మనుషులు నడిచొస్తూ కనబడ్డారు. స్వరూప పరుగెత్తి తండ్రి నడుం పట్టుకుంది. వారెంటు రద్దయింది. కేసు మాత్రం ఉంది.

దెబ్బ తిన్నాయన రాజీకి ఒప్పుకోలేదు. సత్తయ్య బాబాయి, "కొట్టిన. కొట్టలేదని ఎట్ల చెప్త?" అని నేరం ఒప్పుకున్నాడు. శిక్ష వేసే ముందు జడ్జిగారు ప్రొబేషన్ ఆఫీసరును నివేదిక అడిగారు. నాన్న ఆ ఆదివారం అరుగు మీద అందరికీ చెప్పాడు: మొదటి తప్పు కాబట్టి, మంచిగా ఉంటానని బాండు రాయించుకుని జైలుకు పంపకుండా వదలొచ్చు, ఒక ఆఫీసరు కొంతకాలం కనిపెట్టుకుని ఉంటారు, అయితే ముందు మనిషి ఎలాంటివాడో విచారిస్తారు.

బతుకమ్మకు నాలుగు రోజుల ముందు ఆ ఆఫీసరమ్మ వచ్చింది. భుజాన గుడ్డ సంచీ, వాడిపోయిన ముఖం, నెమ్మదైన గొంతు. ఇంటింటికీ తిరిగింది. అందరూ ఒకటే మాట: దేవుని అసుంటోడు, చీమకు కూడ అన్యాయం చెయ్యడు. నేనూ స్వరూపా అరుగు మీద గునుగు పువ్వులకు రంగులద్దుతున్నాం. ఆమె మా పక్కన చతికిలబడి, ఒక పువ్వు తీసుకుని తనూ రంగులో ముంచింది.

"ఆయన మీతో ఎట్ల ఉంటడు?"

మెట్ల గురించి, లోలాకుల గురించి చెప్పాను.

"కోపం వస్తదా?"

స్వరూప తల వంచేసింది. నా నోట అబద్ధం రాలేదు. "వస్తుంది. ఒకసారి బాడిస విసిరేశాడు. మాకు తగల్లేదు. తరవాత షెడ్డు వెనక ఏడ్చాడు."

ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. స్వరూప రంగు చేతులతోనే లేచి వెళ్ళిపోయింది.

ఆ బతుకమ్మ నాకు బతుకమ్మ కాలేదు. తంగేడు పసుపు, వీధంతా చప్పట్లు, యాదమ్మ పిన్ని పెట్టిన నువ్వుల సత్తు, మలీద ముద్దలు, అన్నీ ఉన్నాయి. వలయంలో స్వరూప నా పక్కకు రాలేదు. ఆపుకోలేక నాన్నకు చెప్పేశాను. ఆయన నా కంచం ముందుకు జరిపాడు. "అడిగారు, చెప్పావు. ఇక అన్నం తిను" అన్నాడు, అంతే. నా వల్లే బాబాయి జైలుకు పోతాడని ప్రతి పూటా కంచంలో సగం వదిలేసి లేచేదాన్ని.

దసరా వెళ్ళాక వాయిదా. సాయంత్రం నాన్నా బాబాయీ తిరిగొచ్చారు. జడ్జిగారు నివేదిక చదివి, బాడిస విసిరాక ఎందుకు ఏడ్చావని అడిగారట. నా బిడ్డలకు తగిలుంటే ఎట్లనని ఏడ్చిన అన్నాడట బాబాయి. ఏడాదిపాటు ప్రొబేషన్ మీద వదిలిపెట్టారు.

నేను తలుపు వెనక ఉన్నాను. బాబాయి వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు.

"గందరు నన్ను మంచోడు మంచోడు అంటుంటె తలెత్తలేకపోయిన బిడ్డా. నువ్వొక్కదానివి ఉన్నది చెప్పినవు. నేనేడ్సింది గుడ చూసినవు."

ఆ వారంలోనే స్వరూప బడిలో మళ్ళీ నా పక్కన కూర్చుంది. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ ఏడాదంతా బాబాయి నెలకోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళి కనబడి వచ్చేవాడు. కోపం వస్తే పనిముట్టు కింద పెట్టేసి, చెరువుదాకా నడిచి తిరిగొచ్చేవాడు. ట్యాంకరు దగ్గర తనే వెళ్ళి అందరికన్నా చివర నిలబడేవాడు. గడువు తీరిన రోజు మా అరుగు మీద కూర్చుని, "ఇగ పోవుడు లేదట సారూ. నేను పోయినప్పుడల్లా మేడం పిల్లలెట్లున్నరని అడుగుతుండె" అన్నాడు, కాస్త దిగులుగానే.

నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. సత్తయ్య బాబాయి కూడా లేడు. స్వరూప పెళ్ళయి సూర్యాపేటలో ఉంది, పండగలకు ఫోను చేస్తుంది. నేను నాగోల్‌లో ఉంటున్నాను. మొన్న ఆదివారం పొద్దున ఎందుకో ఆ సందుకు వెళ్ళాను. అరుగులు లేవు, షెడ్డు లేదు, రెండిళ్ళ జాగా కలిపి ఐదంతస్తులు లేపారు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"ఎవరింటికి మేడం?"

"సత్తయ్య వాళ్ళింటికి." నాకు తెలియకుండానే అనేశాను.

అతను పుస్తకం తెరిచి, పేర్ల మీద వేలు పెట్టి, పాపం ఓపిగ్గా కిందిదాకా చూశాడు.

"గా పేరుతోని ఎవ్వరు లేరు మేడం. ఫ్లాటు నంబరెంత?"

అప్పట్లో మా ఇళ్ళకు నంబర్లుండేవో లేదో కూడా నాకు తెలియదు. ఎవరికీ అడగాల్సిన అవసరం వచ్చేది కాదు.